చెంబుని చెంబు అనక ఇంకేమంటాం? పునీత పెర్పెతువమ్మ మీద ప్రసంగం

(మార్చి 7 సాయంత్రం గుడి ఆవరణలో మహిళల మీటింగ్‌లో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు అడిగితే ఫోన్ రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ వందనాలండి. ఫాదర్‌గారికి, సిస్టర్స్‌కి, అమ్మలకి, అక్కలకి, వెనక గోడకానుకుని నిలబడ్డ అన్నయ్యలకి కూడా. ముందుకి రండయ్యా, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, మహిళల మీటింగ్ అని బోర్డు పెట్టినంత మాత్రాన మగవాళ్ళు కూర్చోకూడదని ఏం లేదు. మైకు వినపడుతోందా వెనక? వినపడుతోందా? సరే.

ముందు ఒక ప్రశ్న. మన చర్చి కుటుంబాల్లో రాయప్పలు ఎంతమంది ఉంటారు? లెక్కపెట్టలేం కదా. చిన్నప్పలు, ఇన్నయ్యలు, శౌరమ్మలు, అన్నమ్మలు వీధికి నలుగురు. మరి పెర్పెతువ అన్న పేరున్నవాళ్ళు ఒక్కరు చెయ్యెత్తండి. చూశారా, లేరు. నేను ముప్పై ఏళ్ళు హిస్టరీ పాఠాలు చెప్పాను, అటెండెన్స్‌లో వేల పేర్లు పిలిచాను, ఒక్క పెర్పెతువ కూడా తగల్లేదు. నోరు తిరగదనుకుందామా అంటే, జేవియర్‌ని శౌరి చేసుకున్నవాళ్ళం మనం, ఈవిడని పెర్పెతమ్మ చేసుకోడం ఎంతసేపు? అసలు పరిచయమే కాలేదు మనకి. పద్దెనిమిది వందల ఏళ్ళ కిందట విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన పునీతురాలు, ఆవిడ పండగ ఈరోజే, మార్చి 7. దాదాపు ప్రతి ఏడూ ఈస్టర్ ముందొచ్చే తపస్సు కాలంలోనే పడుతుంది, సిలువ మార్గం ప్రార్థనల హడావుడిలో ఎవరికీ గుర్తుండదు. రేపేమో మహిళా దినోత్సవం, రేపు మనందరికీ వాట్సాప్‌లో గులాబీ పూలు వస్తాయి. ఈ రోజు మటుకు కాసేపు ఈ అమ్మాయి మాట విందాం. అమ్మాయి అనే అంటాను, ఏమీ అనుకోకండి, ఆవిడకి అప్పుడు దాదాపు 22 ఏళ్ళు, మా చిన్నదానికంటే చిన్నది.

మాట విందాం అని ఊరికే అనలేదు. విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాళ్ళని మనం కతోలికులం వేదసాక్షి అంటాం, పక్క చర్చివాళ్ళు హతసాక్షి అంటారు. గ్రీకులో అసలు మాట మార్తుస్, దానికి అర్థం సాక్షి, అంతే. చూసింది, తెలిసింది నలుగురిలో చెప్పేవాళ్ళు. చంపడం, చావడం ఆ మాటలో మొదట్లో లేదు, తర్వాత వచ్చి చేరింది. మరి సాక్షి అన్నాక ఏం చెయ్యాలి? నోరు విప్పాలి కదా. తొలి రోజుల వేదసాక్షుల కథలు చాలామటుకు వేరేవాళ్ళు రాసినవే, వాళ్ళు పోయాక. పెర్పెతువ మాత్రం తనే రాసుకుంది. జైల్లో కూర్చుని రాసింది. లాటిన్‌లో. క్రైస్తవ స్త్రీ ఒకరు రాసినవాటిలో మన దాకా మిగిలిన అతి పాత రాతల్లో ఇది ఒకటి. నేను చెప్పదల్చుకున్నదంతా ఈ ముక్క చుట్టూనే తిరుగుతుంది, కాబట్టి గుర్తుపెట్టుకోండి. ఆవిడ రాసుకుంది.

ఎక్కడ? కార్తేజ్. ఆఫ్రికా ఖండం పైఅంచున, ఇప్పటి ట్యునీసియాలో, ట్యూనిస్ నగరం పక్కనే. చాలామంది తొలి క్రైస్తవులనగానే రోము, యెరూషలేము అనుకుంటారు, లాటిన్ క్రైస్తవం గట్టిగా వేళ్ళూనుకున్నది మాత్రం ఈ ఉత్తర ఆఫ్రికాలో. తొలి లాటిన్ క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ అక్కడివాడు, బిషప్ అగస్టీనువారు తర్వాత అక్కడివారే. ఆ మాటకొస్తే అప్పటి రోమా చక్రవర్తి సెప్తిమియుస్ సెవెరుస్ కూడా ఆఫ్రికాలో పుట్టినవాడే, ఇప్పటి లిబియాలో. సంవత్సరం 203. ఆయన కొత్తగా క్రైస్తవంలో చేరడం నిషేధించాడని చాలా పుస్తకాల్లో ఉంటుంది, ఆ శాసనం నిజమేనా అని చరిత్రకారులకి పెద్ద డౌటు, నేను దాని జోలికి పోను. ఒకటి మాత్రం నిజం, అప్పుడు పట్టుబడినవాళ్ళంతా జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం కోసం సిద్ధపడుతున్నవాళ్ళే.

ఎవరెవరు? విబియా పెర్పెతువ. మంచి కుటుంబం, చదువుకున్న పిల్ల, గౌరవంగా పెళ్ళి చేశారు, చంటిబిడ్డ తల్లి, మగపిల్లాడు, ఇంకా పాలు తాగుతున్నాడు. రెవొకాతుస్ అని ఒక బానిస, అతనితో పాటు బానిస అయిన ఫెలిసిత, నిండు గర్భిణి. సతుర్నీనుస్, సెకుందులుస్ అని ఇద్దరు. వీళ్ళకి వేదం నేర్పిన సతురుస్ అప్పుడక్కడ లేడు, తర్వాత తెలిసి తనంతట తానే వెళ్ళి లొంగిపోయాడు. పెద్దింటి కోడలు, బానిస పిల్ల ఒకే గొలుసులో. రోమన్ సమాజంలో ఇది ఎంత వింతో ఆలోచించండి. మన ఊళ్ళల్లో ఒకప్పుడు గుడిలో కూడా ఎవరు ఎటు కూర్చోవాలో గీతలుండేవి, మీకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు.

ఇంకోటి కూడా చూడండి. భర్త గురించి ఆవిడ ఒక్క ముక్క రాయలేదు. బతికున్నాడా, వదిలేశాడా, ఊళ్ళో లేడా, ఏమీ లేదు. పద్దెనిమిది వందల ఏళ్ళుగా పండితులు ఆ మొగుణ్ణి వెతుకుతూనే ఉన్నారు. మొగుడు లేడుగానీ డైరీ నిండా నాన్న ఉన్నాడు. నాకైతే ఈ కథ చదివిన ప్రతిసారీ ఇది నాన్నా కూతుళ్ళ కథలాగే అనిపిస్తుంది.

ఇంకా కాపలాలో ఉండగానే నాన్న వచ్చాడు. పట్టుబడ్డ కూతురి దగ్గరికి ఏ నాన్నయినా వచ్చి ఏమంటాడు? ఒద్దమ్మా, క్రైస్తవురాల్నన్న ఆ మాట వెనక్కి తీసుకో అంటాడు. ఈయనా అదే అన్నాడు. అప్పుడీ పిల్ల ఏమందో చూడండి. నాన్నా, అదిగో అక్కడ పడున్న చెంబు కనపడుతోందా? కనపడుతోంది. దాన్ని చెంబు అనక ఇంకో పేరుతో పిలవగలవా? పిలవలేను. మరి నేనూ అంతే నాన్నా, నేను క్రైస్తవురాల్ని, నన్ను నేను ఇంకోటి అని చెప్పుకోలేను. అంతే. వేదాంతం లేదు, వాక్యాలు చెప్పలేదు, ఎదురుగా ఉన్న చెంబుని చూపించింది. లాటిన్‌లో చిన్న కూజా లాంటి పాత్రకి వాడే మాట అది, మనకి చెంబు అంటేనే దగ్గరగా ఉంటుంది. ఆ మాటకి నాన్నకి ఎంత కోపం వచ్చిందంటే కళ్ళు పీకేసేలా మీదికొచ్చాడట, మళ్ళీ ఆగిపోయి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నాన్న కొన్నాళ్ళు రాలేదు, నాకు ప్రాణం కుదుటపడింది అని రాసుకుంది. పునీతురాలు రాసే మాటేనా ఇది? నాన్న రాకపోతే హాయిగా ఉందట! మన పిల్లలూ హాస్టల్లో ఇదే అనుకుంటారు, మనదాకా రానివ్వరు. ఆ నాలుగు రోజుల్లోనే వాళ్ళు జ్ఞానస్నానం తీసుకున్నారు.

తర్వాత జైల్లో వేశారు. భయపడ్డాను, అంత చీకటి నేనెప్పుడూ చూళ్ళేదు అంది. జనం కిక్కిరిసి, ఉక్కపోత, సైనికులు డబ్బుల కోసం పీక్కుతినడం. అన్నిటికంటే బిడ్డ బెంగ. అప్పుడు తెర్తియుస్, పొంపోనియుస్ అని ఇద్దరు డీకన్లు, అంటే గుడి సేవకులు, లంచం ఇచ్చారు. అవునండి, లంచమే, నవ్వకండి, వేదసాక్షుల చరిత్రలో లంచం ఉంది! ఆ లంచంతో వీళ్ళని కొన్ని గంటలు జైల్లో కాస్త గాలాడే చోటికి పంపించారు. అక్కడ ఆకలితో సోలిపోయిన బిడ్డకి పాలిచ్చింది. తర్వాత బిడ్డని తన దగ్గరే ఉంచుకోడానికి ఒప్పుకున్నారు. ఒప్పుకోగానే, జైలు నాకు రాజభవనం అయిపోయింది, ఇంకెక్కడా ఉండాలనిపించలేదు అని రాసింది. పసిపిల్లల్ని పెంచినవాళ్ళకి ఈ వాక్యం వేరే ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

వాళ్ళ తమ్ముడో అన్నో ఒకరు వచ్చి, నువ్వు దేవుడితో మాట్లాడగలవు కదా, ఏం జరగబోతుందో అడుగు అన్నాడు. రేపు చెప్తాను అంది. ఎంత ధీమానో చూడండి, రేపు చెప్తా! ఆ రాత్రి కల వచ్చింది. ఆకాశం దాకా ఇత్తడి నిచ్చెన, సన్నటిది, ఒక్కొక్కరే ఎక్కాలి. రెండు పక్కలా కత్తులు, ఈటెలు, కొక్కేలు వేలాడదీసి ఉన్నాయి, పైకి చూడకుండా ఏమరుపాటుగా ఎక్కితే ఒళ్ళు చీరుకుపోతుంది. కింద పెద్ద మహాసర్పం. సతురుస్ ముందెక్కి పిలిచాడు. ఈవిడ ఆ పాము తలనే మొదటి మెట్టుగా తొక్కి ఎక్కింది. ఎక్కితే పైన ఏముంది? మనమైతే సింహాసనం, దేవదూతలు, బూరలు అనుకుంటాం. ఈవిడకి కనపడింది ఒక తోట, అందులో తెల్లజుట్టు పెద్దాయన, గొర్రెల కాపరి బట్టల్లో, గొర్రెల పాలు పితుకుతున్నాడు. బాగానే వచ్చావు బిడ్డా అని, ఆ పాల జున్ను ముక్క లాంటిది పెట్టాడు. రెండు చేతులు జోడించి తీసుకుని తింది, చుట్టూ ఉన్న తెల్లబట్టలవాళ్ళు ఆమెన్ అన్నారు. ఆ చప్పుడుకి మెలకువ వచ్చింది, నోట్లో ఇంకా ఏదో తియ్యగా నములుతూనే ఉన్నాను అంది.

చంటిబిడ్డ తల్లికి పరలోకం పాల రూపంలోనే కదా వస్తుంది! దీని మీద పండితులు చాలా రాశారు, పూజలో తీసుకునే సత్ప్రసాదానికి గుర్తన్నారు, జ్ఞానస్నానం పొందినవాళ్ళకి పాలు తేనె ఇచ్చే ఆచారమన్నారు, అవన్నీ ఉండొచ్చు. నాకు మాత్రం ఆ తల్లే కనపడుతుంది. ఏ మగ రచయితా కల్పించి రాసే కల కాదండి ఇది.

విచారణ ఉంటుందని పుకారు రాగానే నాన్న మళ్ళీ వచ్చాడు. ఈసారి కోపం లేదు, దిగులుతో కుంగిపోయి ఉన్నాడు. నా నెరిసిన జుట్టు మీద జాలి చూపించు తల్లీ, నీ అన్నదమ్ములందరికంటే నిన్నే ఎక్కువగా చూశాను కదా, మమ్మల్ని నలుగురిలో తలెత్తుకోకుండా చెయ్యకు, నీ బిడ్డని చూడు, నువ్వు లేకపోతే వాడు బతకడు అన్నాడు. చేతులు ముద్దుపెట్టుకున్నాడు, కాళ్ళ మీద పడ్డాడు, బిడ్డా అనడం మానేసి ఏమన్నాడో తెలుసా? దొరసానీ అన్నాడట. రోమన్ ఇంట్లో తండ్రి అంటే పిల్లల మీద సర్వాధికారం ఉన్నవాడు. అలాంటాయన కూతుర్ని దొరసానీ అని కాళ్ళ మీద పడ్డం. ఆవిడేమో, మా వంశం మొత్తంలో నా శ్రమ చూసి సంతోషించనివాడు ఈయన ఒక్కడేనని బాధపడ్డాను అని రాసింది. ఆ నాన్నంటే నాకు కోపం రాదు. నిజం చెప్పాలంటే ఆ పేజీ దగ్గర నేను ఆయన పక్షమే.

విచారణ చేసింది హిలారియానుస్ అనే అధికారి. అసలు గవర్నర్ చనిపోతే ఆయన స్థానంలో ఉన్నాడు. ఒక్కొక్కర్నీ పిలుస్తున్నారు, అందరూ ఒప్పుకుంటున్నారు, ఈవిడ వంతు వచ్చేసరికి నాన్న బిడ్డనెత్తుకుని ప్రత్యక్షం. దేవుళ్ళకి బలి అర్పించు, బిడ్డ మీద జాలి పడు. అధికారి కూడా అదే పాట, మీ నాన్న నెరిసిన జుట్టు చూడు, పసివాణ్ణి చూడు, చక్రవర్తుల క్షేమం కోసం బలి అర్పించు. అర్పించను. నువ్వు క్రైస్తవురాలివా? క్రైస్తవురాల్ని. అంతే, విచారణ అయిపోయింది, రెండు మాటలు. నాన్న ఇంకా ఏదో చెప్పబోతుంటే ఆయన్ని కింద పడేసి బెత్తంతో కొట్టమన్నాడు. నన్ను కొట్టినట్టే అనిపించింది, ఆ ముసలితనం చూసి దుఃఖం వచ్చింది అని రాసింది. శిక్ష ఏంటంటే, జనం చూస్తుండగా గోదాలో అడవి జంతువులకి వెయ్యడం. జైలుకి సంతోషంగా తిరిగొచ్చాం అంటుంది.

వచ్చాక ఏం చేసింది? వెంటనే డీకన్ పొంపోనియుస్‌ని పంపించింది, నాన్న దగ్గర్నించి బిడ్డని తీసుకురమ్మని. నాన్న ఇవ్వలేదు. ఇక్కడ కొంచెం ఆగుదాం. పరలోకం చూసొచ్చిన మనిషి, చావడానికి సంతోషంగా ఒప్పుకున్న మనిషి, జైలుకి రాగానే మొదటగా పాల వేళ అయింది బిడ్డని తెమ్మంటోంది! నాన్న ఇవ్వకపోతే ఏమైంది? దేవుడి దయవల్ల బిడ్డ మళ్ళీ పాలు అడగలేదు, నాకూ రొమ్ములు సలపలేదు, బిడ్డ బెంగా లేదు, ఆ నొప్పీ లేదు. అలా రాసింది. పాలు చేపుకొచ్చి గడ్డకట్టే నొప్పి ఎలా ఉంటుందో ఇక్కడున్న తల్లులందరికీ తెలుసు. దాన్ని ఇంత మామూలుగా రాసిన పునీతురాలి కథ నేనింకోటి చదవలేదు.

వెనకనించి అక్క ఏదో అంటున్నారు... బిడ్డని వదిలేసి వెళ్ళడం తప్పు కాదా అంటున్నారు. మంచి ప్రశ్నే అక్కా. నా దగ్గర ముద్దుగా సర్దిచెప్పే జవాబు లేదు. నేనైతే చెయ్యలేను. ఆవిడక్కూడా అది తేలిక అయినట్టు నాకు కనపడదు, డైరీ చదివితే ప్రతి పేజీలో బిడ్డే. దీన్ని తేలిక చేసి చెప్పినవాళ్ళు తర్వాత వచ్చారు, వాళ్ళ సంగతి చెప్తాను ఆగండి.

మధ్యలో ఇంకో కల ఉంది, రెండు కలలు. దినొక్రాతెస్ అని ఆవిడ తమ్ముడు, ఏడేళ్ళప్పుడు మొహం మీద పుండు పడి చచ్చిపోయాడు. ఒకరోజు ప్రార్థనలో అనుకోకుండా వాడి పేరు నోటికొచ్చింది. ఆ రాత్రి కలలో వాడు చీకట్లో, దాహంతో, నీళ్ళ తొట్టె గట్టు వాడికంటే ఎత్తుగా ఉండి అందక ఎగురుతున్నాడు. ఏడ్చి ఏడ్చి రోజూ ప్రార్థించింది. మళ్ళీ కల, గట్టు వాడి బొడ్డు దాకా దిగింది, పుండు మానింది, తాగాడు, చిన్నపిల్లల్లాగా ఆడుకోడానికి పోయాడు. వాడి బాధ తీరిందని అర్థమైంది అంది. తర్వాత రోజుల్లో ఒకాయన ఈ కలని వాదనకి పట్టుకుంటే, అది బైబిల్ లేఖనం కాదు కదా అని అగస్టీనువారు గుర్తుచేయాల్సి వచ్చింది. అంటే దీన్ని జనం ఎంత భక్తిగా చదివేవారో చూడండి.

ఆఖరి కలలో ఆవిడ గోదాలో ఉంది. ఎదురుగా భయంకరమైన ఐగుప్తువాడు, అంటే ఈజిప్టు మనిషి. బట్టలు తీశారు, నేను మగవాణ్ణయ్యాను అని రాసింది, ఒంటికి నూనె రాశారు, కుస్తీ పట్టి వాణ్ణి బోర్లా పడేసి తల తొక్కింది, బంగారు పళ్ళున్న పచ్చకొమ్మ బహుమతిగా వచ్చింది. లేచాక, నేను పోరాడేది జంతువులతో కాదు, సాతానుతో, గెలుపు నాదే అని తెలిసింది అంది. అక్కడితో డైరీ ఆపేసింది. పోటీల ముందురోజు దాకా నేను చేసింది ఇది, పోటీల్లో ఏం జరిగిందో ఎవరికైనా రాయాలనుంటే వాళ్ళు రాయండి అంది. పెన్ను ఇంకొకళ్ళ చేతిలో పెట్టేసి లేచింది. ఆ ఇంకొకళ్ళు ఎవరో పేరు చెప్పుకోలేదు, తెర్తుల్లియన్ అని కొంతమంది అనుకున్నారు, రుజువు లేదు. సతురుస్ కూడా తన కల తను రాసుకున్నాడు, దాన్నీ చేర్చారు. ఇది నిజంగా ఆవిడ రాసిందేనా అని డౌటు పడేవాళ్ళూ లేకపోలేదు, కానీ లాటిన్ వచ్చినవాళ్ళు ఏమంటారంటే మూడు భాగాలూ మూడు గొంతులు, ఈవిడవి చిన్న చిన్న వాక్యాలు, అదీ ఇదీ మరీ అంటూ మాట్లాడినట్టు పోతాయి, చివర రాసినాయన మాత్రం పెద్ద పెద్ద అలంకారాలు పెడతాడు అని.

ఇక ఫెలిసిత. ఆవిడ ఏమీ రాయలేదు, బానిస పిల్ల, రాయడం వచ్చో రాదో కూడా ఎవరూ చెప్పలేదు. ఎనిమిదో నెల. గర్భిణీలని చంపకూడదని రోమన్ చట్టం, అందుకని ఈవిడ బాధంతా ఏంటంటే తనని ఆపేసి తర్వాతెప్పుడో దొంగల మధ్య, హంతకుల మధ్య ఒంటరిగా చంపుతారని. అందరూ కలిసి ప్రార్థన చేశారు, నొప్పులు వచ్చాయి. నెలలు నిండని కాన్పు, కష్టపడుతుంటే జైలువాడొకడు వెటకారమాడాడు, ఇప్పుడే ఇలా ఏడుస్తున్నావు, రేపు జంతువుల ముందేం చేస్తావు అని. ఆ నొప్పుల్లో ఆ పిల్ల ఇచ్చిన జవాబు ఇది. ఇప్పుడు నేను పడేది నేనే పడుతున్నాను, అప్పుడు నాలో ఇంకొకరు ఉండి నా కోసం పడతారు, ఎందుకంటే నేను ఆయన కోసం పడబోతున్నాను. ఫెలిసిత నోటి నించి మనకి మిగిలింది ఈ ఒక్క వాక్యమే. ఆడపిల్ల పుట్టింది. సంఘంలో ఒక సోదరి తన కూతురిగా పెంచుకుంది.

పెర్పెతువకి హాస్యం కూడా ఉందండోయ్. వీళ్ళు మంత్రాలు వేసి జైల్లోంచి మాయమైపోతారని భయపడి సైనికాధికారి తిండీ తిప్పలూ సరిగా పెట్టట్లేదు. ఈవిడ మొహమ్మీదే అడిగేసింది. మేం చక్రవర్తి కొడుకు పుట్టినరోజుకి పోరాడబోయే ఘనమైన ఖైదీలం, కాస్త ఒళ్ళు చేసి కనపడితే నీకే కదా పేరు, తిండి పెట్టవేం? వాడికి సిగ్గేసి మొహం ఎర్రబడింది, పరిస్థితి మారింది. జైలు చూసుకునే పుదెన్స్ అయితే అప్పటికే విశ్వాసంలోకి వచ్చేశాడు.

మార్చి 7. చక్రవర్తి చిన్నకొడుకు గెతా పుట్టినరోజు వేడుకలు. గేటు దగ్గర ఆడవాళ్ళకి సెరెస్ దేవత పూజారిణుల బట్టలు, మగవాళ్ళకి సతుర్ను దేవుడి పూజారుల బట్టలు వేసుకోమన్నారు. పెర్పెతువ ఒప్పుకోలేదు. ఇలాంటివి చెయ్యకూడదనే కదా మా ప్రాణాలు ఇస్తున్నది, అది మన మధ్య ఒప్పందం అంది. అధికారి తగ్గాడు. కీర్తనలు పాడుతూ లోపలికెళ్ళింది.

లోపల జరిగిందంతా చెప్పను, పిల్లలున్నారు. మగవాళ్ళ మీదికి చిరుతపులి, ఎలుగుబంటి, అడవిపంది. ఆడవాళ్ళ కోసం పిచ్చెక్కించిన ఆవు, ఆడవాళ్ళకి ఆడ జంతువని ఎగతాళి. మొదట బట్టల్లేకుండా వలల్లో చుట్టి తెచ్చారు. జనం చూశారు, ఒకరు లేత పిల్ల, ఇంకొకరు నిన్నగాక మొన్న కన్న బాలింత, రొమ్ముల్లోంచి పాలు కారుతున్నాయి. రక్తం చూడ్డానికి వచ్చిన జనానికే ఒళ్ళు జలదరించింది. వెనక్కి తీసుకెళ్ళి బట్టలు వేసి తెచ్చారు. ఆవు పెర్పెతువని ఎత్తి పడేసింది. లేచి కూర్చుని చినిగిన బట్ట లాక్కుని తొడ కప్పుకుంది, జుట్టుకి పిన్ను అడిగి ముడేసుకుంది, జుట్టు విరబోసుకోడం చావు ఇంటి గుర్తు కాబట్టి. మనకి కూడా అంతే కదా? తర్వాత కింద పడున్న ఫెలిసితకి చెయ్యిచ్చి లేపింది. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు, దొరసానీ బానిసా. పక్కకి తీసుకెళితే, మమ్మల్ని ఆ ఆవుకి ఎప్పుడు వేస్తారు అని అడిగిందట! జరిగిందే తెలీదు, ఒంటి మీద దెబ్బలు చూపిస్తేగానీ నమ్మలేదు. సతురుస్‌ని చిరుత కరిస్తే రక్తంలో తడిసిపోయాడు, జనం స్నానం బాగా అయిందా అని అరిచారు, స్నానశాలల దగ్గర పలకరించుకునే మాట అది. ఆ రాసినాయన అంటాడు, వాళ్ళకి తెలీకుండానే రక్తంతో పొందే రెండో జ్ఞానస్నానానికి సాక్ష్యం పలికారని. సతురుస్ పుదెన్స్ ఉంగరం అడిగి, తన రక్తంలో ముంచి తిరిగిచ్చాడు.

ఆఖర్న కత్తికి. అందరూ ఒకరినొకరు సమాధానపు ముద్దు పెట్టుకున్నారు, కదలకుండా, మాట్లాడకుండా తీసుకున్నారు. పెర్పెతువ మాత్రం అరిచింది. కత్తి ఎముకకి తగిలి గావుకేక పెట్టింది. ఆ గ్లాడియేటర్ కొత్తవాడు, చెయ్యి వణుకుతోంది. ఆ చేతిని తనే పట్టుకుని గొంతు దగ్గరికి తెచ్చుకుంది. ఆ కేకని చెరిపెయ్యకుండా ఉంచినందుకు ఆ పేరు తెలియని ఆయనకి నేను దణ్ణం పెడతాను.

ఎందుకంటే తర్వాతవాళ్ళు చాలా చెరిపారు. ఇందాక అక్క అడిగినదానికి ఇదే జవాబు. తర్వాతి కాలంలో ఈ కథని కుదించి, గుళ్ళల్లో చదవడానికి పొట్టి కథలు రాశారు. వాటిల్లో లేని మొగుడొచ్చి కూర్చున్నాడు. అమ్మానాన్నలూ మొగుడూ బిడ్డని తీసుకొచ్చి మెడకి వేలాడదీస్తే, ఆ బిడ్డని విసిరేసి, మిమ్మల్ని ఎరగను, నా దగ్గర్నించి పొండి అందట. విన్నారా? పాల వేళకి బిడ్డని తెమ్మని మనిషిని పంపిన తల్లి చేత ఆ మాట అనిపించారు. భక్తి ఎక్కువై చేశారు, చెడుద్దేశం అనను. బొమ్మకి నొప్పులుండకూడదు, పాలు చేపకూడదు, నాన్న మీద జాలి ఉండకూడదు అనుకున్నారు. ఆవిడ స్వయంగా రాసిన డైరీ నిలిచి ఉండకపోతే మనకి దొరికేది ఆ బొమ్మే. పూర్తి లాటిన్ ప్రతి ఇటలీలో మోంతె కస్సీనో మఠంలో దొరికి 1663లో అచ్చయ్యింది.

అగస్టీనువారు ఈ పండగ రోజు ప్రసంగాలు చేశారు, ఇంకా మిగిలున్నాయి. ఇద్దరి పేర్లూ కలిపి చమత్కరించారు, పెర్పెతువ అంటే ఎప్పటికీ ఉండేది, ఫెలిసిత అంటే ఆనందం, కలిపితే నిత్యానందం అని. ఇటలీలో రవెన్నాలో ఆరో శతాబ్దం మొజాయిక్, అంటే రంగురాళ్ళు పేర్చిన బొమ్మ ఉంది, పునీతురాళ్ళ వరసలో వీళ్ళిద్దరూ నడుస్తుంటారు.

ఆ పుట్టినరోజు పిల్లాడు గెతా ఏమయ్యాడో తెలుసా? 211లో సొంత అన్న కరకల్లా చంపించాడు, తల్లి ఒళ్ళోనే. చంపించి ఊరుకోలేదు, రాజ్యమంతా రాళ్ళ మీద తమ్ముడి పేరు ఉలితో చెక్కించి తీసేయించాడు. ఇటు 1907లో కార్తేజ్‌లో దెలాత్రె అనే ఫాదర్ తవ్వకాల్లో బసిలికా అనే పాత పెద్ద గుడి శిథిలాల్లో ముక్కలైన పలక ఒకటి దొరికింది. ముక్కలు పేర్చి చూస్తే, ఇక్కడ వేదసాక్షులున్నారు, సతురుస్, సతుర్నీనుస్, రెవొకాతుస్, సెకుందులుస్, ఫెలిసిత, పెర్పెతువ, మార్చి 7. సెకుందులుస్ గోదా దాకా రాకుండా జైల్లోనే చనిపోయాడు, అతన్నీ వదల్లేదు. చూడండి, ఫెలిసిత పేరు ముందు.

పూజలో కూడా అంతే. మొదటి దివ్యసత్ప్రసాద ప్రార్థనలో పునీతుల జాబితా వస్తుంది కదా, పెద్దది, అందులో ఫెలిసిత, పెర్పెతువ, ఆగాత, లూసి, ఆగ్నేసు అని వస్తాయి, బానిస పేరు ముందు, దొరసాని పేరు తర్వాత. కానీ మనకి ఎందుకు వినపడవంటే ఇప్పటి పూజగ్రంథంలో ఆ పేర్లు బ్రాకెట్లో ఉన్నాయి, తొందరగా ఉంటే వదిలేయొచ్చు. ఫాదర్, మీరు నవ్వుతున్నారు, మీకు తెలుసు నేనేం అడగబోతున్నానో. ఇంకో పదిహేను నిమిషాల్లో పూజ ఉంది. ఎండాకాలం, ఆలస్యం అవుతుంది, అన్నీ నిజమే. ఈ ఒక్కరోజు ఆ బ్రాకెట్ విప్పండి ఫాదర్. సరేనా? సరే అంటున్నారు. థ్యాంక్స్ అండి, ఇక అందరం లోపలికెళదాం, ఆ కుర్చీలు మాత్రం కాస్త సర్ది రండయ్యా.